సముద్రం మీది అరగంట

పటాన్‌చెరులో మా సీసాల కంపెనీ పెట్టిన కొత్తలో, మందుసీసాలను వెలుతురుకు పట్టి చూసే బల్ల దగ్గర మేం ముగ్గురం కూర్చునేవాళ్లం. ఈ చివర నేను, ఆ చివర జాహెదా, మధ్యలో సౌభాగ్యమ్మ. బల్ల వెనక ట్యూబ్‌లైటు వెలుగుతూ ఉండేది. సీసాను మెడ దగ్గర పట్టుకుని ఆ వెలుతురు ముందు ఒక చుట్టు తిప్పాలి. గాజులో బుడగ కనిపిస్తే పక్కనున్న గంపలో వేయాలి, లేకపోతే ముందుకు తోయాలి. జాహెదా మాట్లాడుతూనే తిప్పేది. నేను మాట్లాడకుండా తిప్పేదాన్ని. సౌభాగ్యమ్మ మాత్రం బుడగ ఉన్న సీసాను వెంటనే గంపలో వేసేది కాదు. కళ్లకు దగ్గరగా తెచ్చుకుని, ఆ బుడగ ఎటు పోతుందో కనిపెడుతున్నట్టు చూస్తూ ఉండిపోయేది.

"ఏం కనవడ్తున్నదే అండ్ల, సిన్మానా?" అనేది జాహెదా.

"గాలి. అంత నిప్పుల ఉడికిన గాజుల ఇంత గాలి ఎట్ల బతికిందో అని సూస్తున్న."

"నీ చూపు అయ్యేటాల్లకు నా గంప నిండుతది. సూపర్వైజర్ నిన్నొక్క మాట అనడు, నన్ను మాత్రం గీమెకు నోరెక్కువ అంటడు."

సౌభాగ్యమ్మ నవ్వేది. ఆ నవ్వుకు చప్పుడు ఉండేది కాదు. ఆమెకు అప్పటికి నలభై దాటి ఉంటాయి. పొడుగు మనిషి. సన్నంచు తెల్లచీర, వెనక్కి దువ్వి ముడి వేసిన జుట్టు. మా ఇంటికీ ఆమె ఇంటికీ మధ్య ఒకటే గోడ. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మా నాయనకు కాలూచెయ్యీ పడిపోయి నా బడి ఆగిపోతే, కంపెనీలో ఆడవాళ్లను తీసుకుంటున్నారని చెప్పి వెంటబెట్టుకుని వెళ్లింది ఆమే. అందుకని ఇంటి దగ్గరా, పనిలోనూ, ఆదివారం గుడిలోనూ నేను ఆమె పక్కనే ఉండేదాన్ని. ఎక్కువగా మాట్లాడుకునేవాళ్లం కాదు. ఇద్దరికీ మాట తక్కువే.

మా చర్చిని మేం గుడి అనే అనేవాళ్లం. చిన్నది, బంగళాపెంకుల కప్పు. అందులో స్త్రీల సమాజం వాళ్లకు ఒక అలవాటు ఉండేది. సంఘంలో ఎవరైనా దూరప్రయాణం కడితే, వాళ్లు బయల్దేరిన ఘడియ నుంచి చేరే ఘడియ వరకు గుడిలో గొలుసు ప్రార్థన చేసేవారు. ఒకామె అరగంట మోకరిస్తుంది, తర్వాత మరొకామె. ఒకామె మోకాళ్లు లేవకముందే రెండో ఆమె మోకాళ్లు నేలకు తాకాలి. మధ్యలో గొలుసు తెగకూడదు. ఆ అరగంటలో ప్రయాణం ఎంత సాగితే అంత దారి ఆమెదే. బొల్లారం రైల్వే గేటు నాది, లింగంపల్లి మలుపు నాది అని తర్వాత గొప్పగా చెప్పుకునేవారు.

సౌభాగ్యమ్మ ఏనాడూ తన వంతు తీసుకోలేదు. గుడి ఊడ్చేది, చాపలు పరిచేది, లేచి వచ్చినవాళ్లకు చాయ్ పోసేది. "మా సౌభాగ్యమ్మకు ప్రార్థనల చాయ్ వాటా వచ్చింది" అని ఆడవాళ్లు ఎగతాళి చేసేవారు. దానికీ ఆమె చప్పుడు లేకుండా నవ్వేది.

ఎందుకు తీసుకోదో నాకు తెలుసు. ఒకసారి జ్వరంలో ఉన్నప్పుడు చెప్పింది.

ఆమెను ఇచ్చింది మంజీర ఒడ్డున ఒక ఊరికి. అప్పటికింకా బ్యారేజీ కట్టలేదు. వానాకాలంలో ఆవలి ఒడ్డుకు పుట్టి మీదే పోవాలి. వెదురు అల్లి తోలు కప్పిన గుండ్రటి పడవ అది, నీళ్లు ఎటు తిప్పితే అటు తిరుగుతుంది. ఇంట్లోవాళ్లు పుట్టి ఎక్కితే ఆ ఇంటి ఆడమనిషి గడపలో మోకరించి, పుట్టి ఆవలి ఒడ్డుకు తాకేదాకా లేవకూడదు. అది ఆ ఊళ్లో క్రైస్తవుల ఇళ్లలో ఉన్న పద్ధతి. ఆమె భర్త దేవదానం తాపీపని చేసేవాడు. పెళ్లయిన రెండో వానాకాలంలో పుట్టి ఎక్కాడు. ఆమె గడపలో మోకరించింది. పుట్టి నది మధ్యలోకి పోయింది. అప్పుడు వాకిట్లో ఆరబోసిన మిరపకాయల మీదికి మేక వచ్చింది. లేచి, "హడే" అని దాన్ని తోలి, మళ్లీ వచ్చి చూసేసరికి నీళ్ల మీద పుట్టి బోర్లా పడి తిరుగుతోంది. తోలేవాళ్లు ఇద్దరూ ఈదుకుంటూ బయటపడ్డారు. దేవదానం బయటపడలేదు.

ఎవరూ ఆమెను ఏమీ అనలేదు. అత్త మాత్రం ఒకే ఒక్కసారి అడిగిందట, "లేచినవా?" అని.

తర్వాత పుట్టింటికి వచ్చేసింది. అక్కడ తల్లీదండ్రీ పోయిన చెల్లెలు దయావతి ఉంది, ఏడేళ్లది. ఆ పిల్లను పెట్టుకుని పటాన్‌చెరు వచ్చి కూలి చేసింది, ఇళ్లలో చేసింది, కంపెనీ పెట్టాక కంపెనీలో చేసింది. దయావతిని సంగారెడ్డి బోర్డింగులో చదివించి నర్సు ట్రైనింగుకు పంపింది.

డెబ్బై అయిదులో ఆ దయావతికే నైరోబీలో ఒక ఆసుపత్రి నుంచి పిలుపు వచ్చింది.

చెప్పడానికి ఆమె సంగారెడ్డి నుంచి బస్సు దిగి వచ్చిన సాయంత్రం నేను గోడ ఇవతల బియ్యం ఏరుతున్నాను. దయావతి గలగలా మాట్లాడే మనిషి.

"బొంబాయి దాంక రైలు అక్కా. ఆడికెల్లి గాలిమోటరు. నడుమ అంత సముద్రమే. ఎక్కంగనే సముద్రం మొదలయితదంట, దిగే ముందుగాల కొంచెం నేల వస్తదంట."

"ఎంత దూరం ఉంటది?"

"రెండు వేల ఎనిమిది వందల మైళ్లు అని చెప్పిర్రు."

గోడ అవతల సౌభాగ్యమ్మ గిన్నెలు సర్దిన చప్పుడైంది. తర్వాత, "మన మంజీర ఎంత ఎడల్పు ఉంటది?" అని అడిగింది.

"గదంత నాకేం తెలుసు? ఓ ఫర్లాంగు ఉండొచ్చు. దానికి దీనికి పోలికేంది?"

"పోలిక కాదు. ఊకెనే."

ఈసారి దయావతి గొంతు తగ్గింది. "అక్కా, గొలుసుల నువ్వు కూర్చోవాలె. ఎవ్వరు కూర్చున్నా కూర్చోకున్నా నువ్వు కూర్చోవాలె. లేకుంటే నేను ఎక్క. బొంబాయి నుంచే వాపస్ వస్త."

"నేను కూసుంటే మంచిగ కాదు చెల్లె. నీకు తెల్వదా?"

"తెలుసు. అందుకే అంటున్న. నేను ఆడ పైన కూర్చుని, కింద మా అక్క గుడి బయట చాయ్ కాస్తున్నదని యాది చేసుకోవాల్నా?"

చెల్లెలు వెళ్లాక సౌభాగ్యమ్మ వాకిట్లోకి వచ్చి ఆకాశం కేసి చూస్తూ నిలబడింది. అప్పుడు పైన ఏమీ లేదు. కొంగల వరుస ఒకటి బీరంగూడ వైపు పోతోంది, అంతే.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక స్త్రీల సమాజం కూర్చుంది. అధ్యక్షురాలు గ్రేస్ టీచరమ్మ, మా ఊరి ప్రైమరీ బడిలో పని చేసేది. నల్లబల్ల మీద రాసినట్టే గట్టిగా మాట్లాడేది. దయావతి టికెట్ తెచ్చింది. అందరూ దాన్ని పట్టుకుని ఒకరి తర్వాత ఒకరు చూశారు.

"పొద్దున ఆరింటికి బొంబాయిల లేస్తది, తొమ్మిదిన్నరకు నైరోబీల దిగుతది" అని చదివింది టీచరమ్మ. "అంటే మూడున్నర గంటలు."

"అంతేనా?" అన్నది ఒకామె. "గంత సముద్రం మూడున్నర గంటలనేనా? మొన్న నేను హత్నూరకు పోతే నాలుగు గంటలు పట్టె."

"నువ్వు పోయింది టైరు పంచరయిన బస్సుల. దానికి పంచరు కాదు."

టీచరమ్మ బలపం తీసుకుని నేల మీదే భాగించింది. గంటకు ఎనిమిది వందల మైళ్లు వచ్చింది. అందరూ నోళ్లు తెరిచారు. దయావతి కూడా తెరిచింది, తాను ఎక్కబోయేది అంత జోరుగా పోతుందని ఆమెకు అప్పటిదాకా తెలియదు. అంత వేగంలో కిటికీ బయట ఏమన్నా కనిపిస్తుందా, చెవులు పనిచేస్తాయా, తాగే నీళ్లు గ్లాసులో నిలుస్తాయా అని కాసేపు పెద్ద చర్చ నడిచింది. మాకు తెలిసిన ప్రయాణాలన్నీ అట్లాగే ఉండేవి మరి. బస్సు ఎక్కిన టైము చూసుకుని, దిగిన టైములోంచి తీసేస్తే దారి పొడుగు తెలిసేది. సికింద్రాబాదు గడియారమూ, సంగారెడ్డి గడియారమూ, మా గుడి గోడ గడియారం నడిచే రోజుల్లో అదీ, ఒకే మాట చెప్పేవి.

మూడున్నర గంటలంటే ఏడు అరగంటలు. ఏడుగురు ఆడవాళ్లు కావాలి. బొంబాయి తీరం నాదంటే నాదని ఇద్దరు పోట్లాడుకున్నారు. నడిసముద్రం మాత్రం ఎవరికీ వద్దు. చివరకు టీచరమ్మ తానే తీసుకుంది. ఇంకొకటి మిగిలింది, ఆఖరిది.

దయావతి అక్క కేసి చూసింది. సౌభాగ్యమ్మ తలుపు దగ్గర చీపురు పట్టుకుని నిలబడి ఉంది.

"ఆఖరుది తీసుకో సౌభాగ్యమ్మా" అన్నది టీచరమ్మ. ఆ గొంతు అంత మెత్తగా ఉండటం నేనెన్నడూ వినలేదు. "అప్పటికి సముద్రం అయిపోతది. నేల కనవడ్తది. దిగుడే ఉంటది. నీకేం భయం లేదు."

సౌభాగ్యమ్మ చీపురును గోడకు ఆనించింది. "సరే టీచరమ్మా" అన్నది.

ఆ తర్వాతి రోజుల్లో బల్ల దగ్గర ఆమె చేతుల్లో సీసాలు ఇంకా మెల్లగా తిరిగేవి. ఒక్కోసారి తిరగడమే మానేసేవి.

"జాహెదా, సముద్రం మీద గాలిమోటరు నీడ పడ్తదా?"

"పడ్తది. ఎండున్నకాడ నీడ పడకుంట ఉంటదా?"

"పడితే ఎంత ఉంటది? మోటరు అంతనా? పిట్ట అంతనా?"

"నేను సూడలె అక్కా. మా ఆయిన్ని అడుగుత. ఆయినకు గడియారాలు తప్ప ఏం తెల్వదు, అయినా చెప్తడు."

జాహెదా భర్త బషీర్‌కు బజారులో గడియారాల రిపేరు దుకాణం. మా గుడి గోడ గడియారం ఆగి ఏడాది అయింది గనుక గొలుసు కోసం అతని దగ్గరే అలారం గడియారం అరువు తెచ్చుకోవాలని అనుకున్నాం.

ఇంకోనాడు, "చేపలకు తెలుస్తదా, పైనికెల్లి మనుషులు పోతున్నరని?" అని అడిగింది. ఆ ప్రశ్నకు జాహెదా కూడా నవ్వలేదు. మేం ముగ్గురం కొంతసేపు చేపల గురించి ఆలోచించాం. గాజు కరిగే కొలిమి హోరు వినిపిస్తూనే ఉంది. నాకు ఆ హోరు అలల చప్పుడులాగా అనిపించింది. అలల చప్పుడు మా ముగ్గురిలో ఎవరమూ వినలేదు. అయినా బల్ల వెనక తెల్లటి వెలుతురులోంచి ఏదో చిన్నది, రెక్కలు కదపకుండా, ఎంతకీ ఆవలి అంచు రాని నీళ్ల మీదుగా పోతున్నట్టు నాకు కనిపించేది. ఆమెకూ అదే కనిపిస్తోందని నా నమ్మకం. ఆ ఎనిమిది వందల మైళ్ల వేగం మా కళ్ల ముందు ఏనాడూ రాలేదు. మా గాలిమోటరు చాలా నెమ్మదిగా పోయేది.

దయావతి బయల్దేరిన రోజు బస్టాండుకు పోయాం. ఆమె ఏడ్చింది, సౌభాగ్యమ్మ ఏడవలేదు. బస్సు కదులుతుంటే కిటికీలోంచి చెల్లెలి చేయి పట్టుకుని, "ఆఖరు అరగంట నాది" అన్నది. రైలు ప్రయాణానికి గొలుసు పెట్టలేదు. రైలు ఎట్లాగూ నేల మీదే పోతుందని, దానికి పట్టాలున్నాయని టీచరమ్మ తేల్చింది.

అనుకున్న రోజున తెల్లవారుజామునే గుడి తెరిచాం. బషీర్ ఇచ్చిన గడియారం బల్ల మీద పెట్టాం. ఆరు కాగానే మొదటి ఆమె మోకరించింది. ఆడవాళ్లు వస్తున్నారు, పోతున్నారు. కొందరు చేనుకు పోయే దారిలో కొడవలి గుమ్మం బయట పెట్టి వచ్చారు. టీచరమ్మ నడిసముద్రం మీద ఇరవై దేశాల పేర్లు ఎత్తి ప్రార్థించింది. ఆ రోజు చాయ్ ఇంకెవరో కాశారు. సౌభాగ్యమ్మ తెల్లవారినప్పటి నుంచీ గోడవారగా కూర్చుని ఉంది.

ఆఖరి అరగంట వచ్చింది. ముందామె ఇంకా లేవకముందే సౌభాగ్యమ్మ మోకాళ్ల మీదికి వచ్చింది. ఏమీ పైకి అనలేదు. పెదవులు కదలడం కూడా కనిపించలేదు. ఒక్కసారి బయట ఏదో చప్పుడైతే ఆమె పాదాల వేళ్లు నేలను గట్టిగా పట్టుకున్నాయి. అలారం మోగింది. అందరూ "ఆమెన్" అని లేచి కీర్తన ఎత్తుకున్నారు. సౌభాగ్యమ్మ లేచి నిలబడి ఇటూ అటూ చూసింది. ఆ ముఖం నేను మరిచిపోలేదు. బరువు దించుకున్న మనిషికి తల తేలిపోతుంది చూడండి, అట్లా ఉంది.

"దిగింది" అన్నది.

"దిగింది పో. ఇప్పుడు నీ చెల్లె నైరోబీ దొరసాని" అన్నది ఒకామె. అందరూ నవ్వారు. చాయ్ తాగి ఎవరి పనికి వాళ్లు పోయారు. టీచరమ్మ గుడికి తాళం వేసి బడికి పోయింది. మా షిఫ్టు రెండింటికి. గడియారం తిరిగి ఇచ్చి రావడానికి సౌభాగ్యమ్మ, నేను బజారుకు వెళ్లాం.

బషీర్ దుకాణం గోడల నిండా గడియారాలే. నడిచేవి కొన్ని, ఆగినవి కొన్ని, ఏ ఒక్కదాని ముల్లూ ఇంకొకదానితో కలవదు. అతను కంటికి భూతద్దం పెట్టుకుని ఉన్నాడు.

"గింత జల్దీ తెచ్చిర్రేంది? ఇంకా ఉంచుకుంటరనుకున్న."

"అయిపోయింది భాయ్. తొమ్మిదిన్నరకు గాలిమోటరు దిగింది" అన్నది సౌభాగ్యమ్మ. ఆ మాట చెప్పడం ఆమెకు చాలా ఇష్టంగా ఉంది.

బషీర్ భూతద్దం తీశాడు. "తొమ్మిదిన్నర అంటే మన తొమ్మిదిన్నరనా, ఆ ఊరి తొమ్మిదిన్నరనా?"

"టికెట్ మీద ఉన్న తొమ్మిదిన్నర."

"గట్లయితే ఆ ఊరిది గావచ్చు గద. మా ఖయ్యూం మామ హజ్‌కు పోంగ ఆయిన చేతి గడియారం నేనే తిప్పి ఇచ్చిన. రెండున్నర గంటలు ఎన్కకు. మనకు పొద్దు ముందుగాల పొడుస్తది, ఆళ్లకు ఎన్క పొడుస్తది. నైరోబీ సంగతి నాకు ఖాయంగ తెల్వదు అక్కా. కాని అది గూడ గదే దిక్కు, సముద్రానికి అవతల్నే అంటరు."

లోపలి నుంచి జాహెదా తడిచేతులతో వచ్చింది. "ఏంది, పొద్దుగాల్నే పరేషాన్ చేస్తున్నవ్ ఆమెను?"

"పరేషాన్ కాదు. నేను తప్పు చెప్తున్ననేమో..."

"నువ్వు చెప్పింది తప్పు అయితే మంచిదే" అన్నది సౌభాగ్యమ్మ. "కరెక్టు అయితే ఇప్పుడు అది ఏడున్నట్టు భాయ్?"

బషీర్ వేళ్లు మడిచాడు. మా కేసి చూడలేక గోడ మీది గడియారాల కేసి చూశాడు. "నడిసముద్రంల ఉండాలె. ఇంక మన పన్నెండు దాంక పోవాలె."

కీర్తన, చాయ్ అయి గుడి నుంచి బజారుకు నడిచి వచ్చేసరికి అరగంట అయింది. ఆ అరగంటలో ఎవరి మోకాళ్లూ నేల మీద లేవు. నాకు ఆ సంగతి తట్టేలోపే సౌభాగ్యమ్మ అక్కడే, దుకాణం ముందు, గడియారాల అద్దాల మధ్యనే మోకాళ్ల మీద కూలబడింది. అద్దం పగులుతుందేమోనని బషీర్ చేయి అడ్డం పెట్టాడు.

"లేచిన" అన్నది ఆమె. మాతో కాదు.

జాహెదా ఆమె భుజాలు పట్టుకుంది. "ఈడ కాదు అక్కా, బజార్ల. లోపలికి రా. లేవకు, గట్లనే రా, మోకాళ్ల మీదనే రా." నిజంగానే సౌభాగ్యమ్మ మోకాళ్ల మీదే గడప దాటింది. దుకాణం వెనక వాళ్ల ఇల్లు, ఒకటే గది. జాహెదా చాప పరిచి, ఆమె మోకాళ్ల కింద తన దుప్పటి మడిచి పెట్టింది.

"పిల్లను పంపి మీ ఆడోళ్లనందర్ని పిలిపియ్యాల్నా?"

సౌభాగ్యమ్మ కళ్లు తెరవకుండానే తల అడ్డంగా ఊపింది. పిలిచినా ఎవరు దొరుకుతారు? ఒకామె రుద్రారం చేలల్లో ఉంటుంది, ఒకామె బీరంగూడలో ఎవరి ఇంట్లోనో అంట్లు తోముతూ ఉంటుంది, టీచరమ్మ పిల్లలకు ఎక్కాలు చెబుతూ ఉంటుంది. మాకు ఎవ్వరికీ వద్దనిపించిన ఆ సముద్రం ఇప్పుడు మొత్తం ఒక్కరి మీదే పడింది.

నేనూ పక్కనే మోకరించాను. కాసేపటికి నా మోకాళ్లు ఓర్చుకోలేకపోయాయి, గోడకు ఆనుకుని కూర్చున్నాను. ఆమెను చూస్తూ కూర్చున్నాను.

మొదట్లో ఆమె దేవునితో మాట్లాడుతోంది. "ప్రభువా, ఆ అరగంట నువ్వు పట్టుకున్నవా? నేను ఇడిచిపెట్టిన, నువ్వు పట్టుకో" అనే మాట మళ్లీ మళ్లీ వినిపించింది. తర్వాత మెల్లగా ఆ మాటలు మారిపోయాయి. చెల్లెలితో మాట్లాడుతోందో, గాలిమోటరుతోనే మాట్లాడుతోందో తెలియలేదు. "గట్లనే పో. చక్కగ పో. కిందికి చూడకు. నీళ్లే ఉంటయి, ఏం లేవు, నీళ్లే." బండెద్దును రాళ్లబాటలో నడిపించే మనిషి గొంతు అది. పెంకుల సందులోంచి ఎండ ఒక నాణెమంత చాప మీద పడి, నెమ్మదిగా ఆమె చీర అంచు వైపు జరుగుతోంది. ముందు గదిలో గడియారాలన్నీ ఒక్కొక్కటి ఒక్కో చోట గంటలు కొడుతున్నాయి. ఒకటి నాలుగు కొట్టింది, ఒకటి పదకొండు, ఇంకొకటి కొట్టబోయి ఆగిపోయింది. ఏ ఊళ్లో ఎంత అయిందో ఆ గదిలో కూర్చుంటే ఎవరికీ తెలియదు. ఇల్లు కొంచెం ఊగుతున్నట్టు అనిపించింది. నీళ్ల మీద ఉన్నామా, గాలిలో ఉన్నామా అనిపించింది. జాహెదా కూడా పొయ్యి దగ్గర కూర్చున్నదల్లా గిన్నె చప్పుడు కాకుండా పెట్టి, ఎటో చూస్తూ ఉండిపోయింది.

అప్పుడు బజారులోంచి పెద్ద కేక వినిపించింది.

"సౌభాగ్యమ్మా! ఓ సౌభాగ్యమ్మా! నల్లా వచ్చిందే! నీ బిందెలు లైన్ల ఉన్నయి, ఎవలో జరుపుతున్నరు! జల్దీ రా!"

మా వీధి ఐలన్న. మాకు నల్లా రెండు రోజులకు ఒకసారి వచ్చేది, అరగంటలో పోయేది. పొద్దునే బిందెలు లైన్లో పెట్టి వచ్చింది ఆమె.

సౌభాగ్యమ్మ భుజాలు కదిలాయి. ఒక పాదం మడమ పైకి లేచింది. జాహెదా చేతిలో గరిటె అట్లాగే ఆగింది. "సౌభాగ్యమ్మా, ఏడున్నవే?" అని మళ్లీ కేక.

మడమ కిందికి దిగింది.

జాహెదా గరిటె పడేసి బయటికి ఉరికింది. "ఏందన్నా, పెండ్లి బ్యాండు లెక్క మొత్తుకుంటున్నవ్! ఆమె పనిల ఉన్నది. ఆ బిందెలు ఎవడు జరుపుతడో నేను సూస్త పా!" ఆ వెనక ఐలన్న ఏదో గొణగడం, వాళ్లిద్దరి మాటలూ వీధి చివరి దాకా పోవడం వినిపించింది.

పన్నెండు అయినప్పుడు బషీర్ గడప దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. చేతిలో మా గుడికి ఇచ్చిన గడియారం ఉంది. లోపలికి రాకుండా, గొంతు తగ్గించి చెప్పాడు.

"పన్నెండు అయింది అక్కా. దిగి ఉంటది."

ఆమె లేవలేదు. అతను నా కేసి చూశాడు, నేను అతని కేసి చూశాను. వినపడలేదేమో అనుకుని మళ్లీ అన్నాడు.

"వినవడ్డది భాయ్" అన్నది సౌభాగ్యమ్మ, కళ్లు మూసుకునే. "దిగినంక మెట్లు ఉంటయి గద. అది గాబరా మనిషి. పెట్టె ఒక చేతుల, సంచి ఒక చేతుల పట్టుకోని దబదబ దిగుతది. కాళ్లు నేలకు తాకనీ."

బషీర్ గడియారం పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. అంత ఎత్తున్న మోటరుకు మెట్లు ఎన్ని ఉంటాయో మాకు తెలియదు. ముందు ఎవరు దిగుతారో, ముసలివాళ్లుంటే ఎంతసేపు పడుతుందో తెలియదు. అందుకని చాలాసేపే ఆగాం. నాకు ఆ మెట్లు ఒక్కొక్కటీ కనిపించాయి, ఎండలో మెరుస్తూ, కింద ఎర్రమట్టి నేల వరకు. నైరోబీ నేల ఎర్రగా ఉంటుందని నాకు ఎవరూ చెప్పలేదు.

చివరకు సౌభాగ్యమ్మ రెండు చేతులూ చాప మీద ఆనించి లేచింది. లేచి నిలబడలేక గోడ పట్టుకుంది. అప్పుడే జాహెదా తల మీద ఒక బిందె, నడుము మీద ఒక బిందెతో తడిసి ముద్దయి వచ్చింది.

"నీ చెల్లె సముద్రం దాటిందో లేదో గాని, నీ నీళ్లకోసం నేను యుద్ధం చేసిన" అన్నది.

సౌభాగ్యమ్మ నవ్వింది. ఈసారి చప్పుడు వినిపించింది.

మూడో రోజున తంతి వచ్చింది. దయావతి క్షేమంగా చేరింది. ఆదివారం టీచరమ్మ దాన్ని గుడిలో చదివి, మన ఏడు అరగంటలను దేవుడు ఆలకించాడని చెప్పింది. మిగతా రెండున్నర గంటల సంగతి సౌభాగ్యమ్మ చెప్పలేదు. నాకూ చెప్పాలనిపించలేదు. అయితే జాహెదాకు నోరు ఆగదు. వారం తిరక్కుండానే పటాన్‌చెరు అంతటికీ తెలిసిపోయింది. టీచరమ్మ ఒక సాయంత్రం ఆమె ఇంటికి వచ్చి, చాలాసేపు గడప మీద కూర్చుని, చాయ్ తాగి వెళ్లింది.

ఆ ఎండాకాలంలో టీచరమ్మ తానే మద్రాసుకు ప్రయాణం కట్టింది. స్త్రీల సమాజం కూర్చుంది. ఎవరికి ఏ వంతో తేల్చే ముందు ఆమె తలెత్తి, తలుపు దగ్గర ఉన్న సౌభాగ్యమ్మను అడిగింది.

"నీకు ఆఖరుది రాయాల్నా?"

సౌభాగ్యమ్మ చాప మీదికి వచ్చి అందరి మధ్యా కూర్చుంది.

"నడుమది రాయి టీచరమ్మా" అన్నది.